టీవీ గోడకెక్కే ముందు



టీవీ కొనడానికి దుకాణానికి వెళ్తే మనం అడగని ప్రశ్న ఉండదు. ఎన్ని అంగుళాలు, బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుంది, గ్యారంటీ ఎన్నేళ్లు, వాయిదాల్లో ఇస్తారా, పాతది ఇస్తే ఎంత తగ్గిస్తారు, అన్నీ అడుగుతాం. తీరా ఆ టీవీ వెళ్లి వేలాడేది మన ఇంటి గోడకు. ఆ గోడ దేంతో కట్టిందో అమ్మేవాళ్లు అడగరు, మనమూ చెప్పం. ఇళ్లు కట్టించే పనిలో ఉన్నాను కాబట్టి ఎవరింటికి వెళ్లినా నాకు టీవీ కంటే ముందు దాని వెనకున్న గోడే కనిపిస్తుంది. ఈ పూట ఆ గోడ గురించే నాలుగు మాటలు చెబుదామని వచ్చాను.

గోడకు టీవీ తగిలించడమన్నది మనకు ఈమధ్య వచ్చిన అలవాటు. 1975 ఆగస్టులో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించే ప్రయోగం మొదలైంది. సైట్ అనేవారు దాన్ని. ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలను ఎంచుకుంటే అందులో మన కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్ వైపు పల్లెలూ ఉన్నాయి. ఊరంతటికీ ఒకటే టీవీ, దాని ముందు నేల మీద ఊరంతా. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలయ్యాక టీవీ ఇళ్లల్లోకి రావడం మొదలుపెట్టింది. హైదరాబాదులోనే తయారైన ఇ.సి. టీవీ ఉన్న ఇల్లంటే వీధిలో అందరికీ తెలిసేది. ఆ టీవీలు గోడకు ఎక్కే రకం కావు. లోపల గాజు పిక్చర్ ట్యూబు ఉండేది. దాని వెనక కొసనుంచి బయల్దేరిన ఎలక్ట్రాన్లు తెర అంతటా పరుచుకోవాలంటే తెరకూ ఆ కొసకూ మధ్య జానెడో మూరెడో దూరం ఉండాల్సిందే. అందుకే ఆ టీవీలకు వెనక అంత పొట్ట. 21 అంగుళాలదైతే ఇరవై కిలోలకు పైనే తూగేది. పలచటి తెరకు దారి 1964లో, అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లాస్మా తెర కనిపెట్టినప్పుడే తెరుచుకుంది. అది మన హాల్లో గోడ దాకా రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

ఇప్పటి టీవీ బరువు చూస్తే ఏమంత కాదు. 32 అంగుళాలది నాలుగైదు కిలోలు. 43 అంగుళాలది ఏడెనిమిది కిలోలు. 55 అంగుళాలదైతే పన్నెండు నుంచి పదహారు దాకా. ఇంతమాత్రం బరువు మోయలేని గోడ ఉంటుందా అంటారు. గోడ మోస్తుంది. అయితే ఆ బరువును గోడకు అప్పజెప్పేవి నాలుగు స్క్రూలు, వాటి కింద నాలుగు ప్లాస్టిక్ ప్లగ్గులు. ఆ ప్లగ్గు గోడలో దేన్ని పట్టుకుని ఉందన్నదే అసలు సంగతి.

ఆ ప్లగ్గు చూడ్డానికి చిన్నదే గానీ గొప్ప వస్తువు. అది రాకముందు గోడకు ఏదైనా బిగించాలంటే ఉలీ సుత్తీ పెట్టి పెద్ద బొక్క కొట్టి, అందులో చెక్క బిరడా దిగ్గొట్టి, చుట్టూ సున్నమో సిమెంటో పూసి, అది ఆరాక మేకు కొట్టేవారు. పాత ఇళ్లల్లో స్విచ్‌బోర్డు ఊడదీస్తే ఆ చెక్కలు ఇప్పటికీ కనబడతాయి. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం గోడలు పాడవకుండా కరెంటు సామాను బిగించాల్సి వచ్చి, జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే కాంట్రాక్టరు 1911 ప్రాంతంలో జనపనారతో ఒక చిన్న ప్లగ్గు తయారుచేశాడు. 1958లో జర్మనీలో ఆర్టూర్ ఫిషర్ నైలాను ప్లగ్గు తెచ్చాడు. ఈరోజు మన ఇళ్లల్లో వాడేవన్నీ దాని సంతతే. పనిచేసే తీరు తేలిక. స్క్రూ లోపలికి దిగేకొద్దీ ప్లగ్గు విచ్చుకుంటుంది. విచ్చుకుని చుట్టూ ఉన్న ఇటుకను నొక్కిపడుతుంది. ఇటుక ఆ నొక్కుడికి ఎదురు నిలిస్తే పట్టు దొరుకుతుంది. ఎదురు నిలవక పిండైపోయినా, రంధ్రం వదులైనా స్క్రూ ఊరికే గిరగిరా తిరుగుతుంది, బిగుసుకోదు.

మీ గోడ దేంతో కట్టారో మీకు తెలియకపోతే డ్రిల్లు చెబుతుంది. టీవీ బిగించడానికి కంపెనీ పంపిన కుర్రాడు డ్రిల్లు మిషను బయటికి తీయగానే చాలా ఇళ్లల్లో దుమ్మని అందరూ లోపలికి వెళ్లిపోతారు. వెళ్లకండి. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడి, గోడ మొదట్లో ఒక కాగితం పరిచి, రాలే పొడిని చూడండి. ముందు తెల్లటి మెత్తటి పొడి వస్తుంది. అది రంగు, పుట్టీ. మిల్లీమీటరో రెండో ఉంటుంది. ఆ తర్వాత ఇసుక కలిసిన బూడిద రంగు పొడి. అది సిమెంటు ప్లాస్టరింగ్, తెలంగాణలో గిలాబు అంటాం. మామూలుగా అర అంగుళం ఉంటుంది. గోడ వంకర కడితే మేస్త్రీలు ఆ వంకరను గిలాబుతోనే సరిచేస్తారు కాబట్టి కొన్నిచోట్ల అంగుళం దాకా ఉంటుంది. అది దాటాక పొడి ఎర్రబడితే కాలిన మట్టి ఇటుక తగిలినట్టు. ఇంకేం, సగం దిగులు తీరింది. ఎరుపు రాకుండా లేత బూడిద రంగు పొడే వస్తుంటే ఫ్లైయాష్ ఇటుక, అదీ మంచిదే. డ్రిల్లు బిట్టు ముందుకు కదలక కీచుమంటూ వేడెక్కిపోతుంటే అది కాంక్రీటు. గిలాబు దాటాక పొడి తెల్లగానో లేత బూడిద రంగులోనో, ఏ శ్రమా లేకుండా జలజలా రాలిపోతుంటే లైట్ వెయిట్ బ్లాకు. ఉన్నట్టుండి బిట్టు ఖాళీలోకి జారిపోతే లోపల బోలుగా ఉండే సిమెంటు బ్లాకు. ఎర్రపొడి వస్తూ వస్తూ మధ్యలో మళ్లీ ఇసుక పొడి వచ్చిందంటే బిట్టు రెండు ఇటుకల మధ్య అతుకులో పడింది. మన ఇటుక ఎత్తు మూడంగుళాలే కదా, అలా పడటం మామూలే. అతుకులో సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు ఉంటుంది. అక్కడ ప్లగ్గు దిగ్గొడితే ఇసుకను పట్టుకుని వేలాడుతుంది. బ్రాకెట్టును అంగుళం పైకో కిందికో జరిపి కొత్త రంధ్రం వేయమని అడగండి. పాత రంధ్రం టీవీ వెనకే ఉంటుంది, ఎవరికీ కనబడదు.

పొడి రంగు మారిన చోటునుంచే లోతు లెక్క మొదలవుతుంది. టీవీతో పాటు వచ్చే ప్లగ్గు ఒక్కోసారి చాలా పొట్టిగా ఉంటుంది. గిలాబే అంగుళం మందం ఉన్నచోట ఆ ప్లగ్గులో ముప్పాతిక భాగం గిలాబులోనే ఆగిపోతుంది. గిలాబన్నది గోడకు పైపూత, బరువు మోయడానికి పెట్టింది కాదు. ఇటుక లోపల రెండంగుళాల దాకా పట్టు ఉండేలా పొడుగు ప్లగ్గు, దానికి తగ్గ స్క్రూ హార్డ్‌వేర్ దుకాణంలో కొని ముందే ఇంట్లో పెట్టుకోండి. టీవీ ఖరీదు ముందు దాని ఖరీదు లెక్కలోకే రాదు. ఎనిమిది మిల్లీమీటర్ల ప్లగ్గుకు ఎనిమిది మిల్లీమీటర్ల బిట్టే వాడాలి, పదికి పది. రంధ్రం వేశాక లోపలి పొడిని గట్టిగా ఊది బయటికి రప్పించాలి. పొడి మిగిలితే ప్లగ్గు పూర్తిగా దిగదు, దిగినా జారుతుంది. రంధ్రం పెద్దదైపోయిందని అందులో అగ్గిపుల్లలో అగరబత్తి పుల్లలో విరిచి దోపి, పైన స్క్రూ బిగించడం చాలాచోట్ల చూశాను. క్యాలెండరుకు అది సరిపోతుందేమో. పదిహేను కిలోల టీవీ కింద ఇంట్లో చంటిపిల్లలు ఆడుకుంటారు. అలా ఎవరు చేస్తున్నా ఆపించండి.

లైట్ వెయిట్ బ్లాకుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇప్పుడు హైదరాబాదులోనూ విజయవాడలోనూ విశాఖలోనూ లేచే అపార్టుమెంట్లలో లోపలి గోడలు చాలావరకు వీటితోనే కడుతున్నారు. 1920లలో స్వీడన్‌లో పుట్టిన సరుకిది. సిమెంటు, సున్నం, ఇసుకో బూడిదో కలిపి, అందులో అల్యూమినియం పొడి వేస్తే గ్యాసు పుట్టి ముద్ద పొంగుతుంది. దాన్ని కోసి, ఆవిరిలో ఒత్తిడి పెట్టి ఉడికిస్తారు. లోపలంతా సన్నటి గాలి బుడగలు. ఘనమీటరు కాంక్రీటు 2400 కిలోలు, మట్టి ఇటుక 1800 దాకా తూగితే ఇది 600 కిలోల చిల్లరే. నీళ్లలో వేస్తే తేలుతుంది. భవనం మీద బరువు తగ్గుతుంది, ఎండ వేడి లోపలికి తొందరగా రాదు. ఈ బ్లాకును తప్పుపట్టడానికి ఏమీ లేదు. దానికి పనికొచ్చే ప్లగ్గు వేరు, అంతే. మామూలు ప్లగ్గు విచ్చుకుంటే ఆ నొక్కుడికి గాలి బుడగలు చిట్లిపోయి చుట్టూ పొడే మిగులుతుంది. బిగించిన రోజు గట్టిగానే అనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ బ్రాకెట్టు పై అంచు దగ్గర వెంట్రుకవాసి సందు కనబడుతుంది. ఈ గోడలకు డ్రిల్లులో సుత్తి దెబ్బ మీట ఆపేసి, ఊరికే తిప్పుతూ రంధ్రం వేయాలి. పొడుగ్గా, మరలు మరలుగా ఉండే ప్రత్యేకమైన ప్లగ్గులు వస్తున్నాయి. బరువైన టీవీ అయితే రంధ్రంలో జిగురు మందు నింపి అందులో బోల్టు నిలబెట్టే పద్ధతి ఉంది, ఆ మందు పూర్తిగా గట్టిపడేదాకా బరువు వేయకూడదు. ఇవేవీ కుర్రాడి సంచిలో సాధారణంగా ఉండవు. మీ గోడ లైట్ వెయిట్ బ్లాకుదైతే ఆ మాట ఫిట్టింగుకు మనిషిని పిలిచేటప్పుడు ఫోన్లోనే చెప్పండి.

కాంక్రీటు గోడల అపార్టుమెంట్లలో పట్టుకు లోటుండదు. మామూలు డ్రిల్లు మాత్రం చాలదు, పెద్ద మిషను కావాలి. ఇనుప కడ్డీ తగిలితే దాన్ని కోసుకుంటూ పోవద్దు, పక్కకు జరగాలి. నాలుగున్నర అంగుళాల అడ్డగోడల్లో ఇంకో సంగతి. అవతలి వైపు ఏముందో చూసుకోండి. వంటింటి గూళ్లు ఉండొచ్చు, బాత్రూమ్ టైల్సు ఉండొచ్చు. ఇటువైపు గట్టిగా కొడితే అటువైపు టైలు లేస్తుంది.

బ్రాకెట్లలో రెండు రకాలున్నాయి. గోడకు అతుక్కుని ఉండేది ఒకటి, చేయిలా ముందుకు సాగి అటూ ఇటూ తిరిగేది రెండోది. ఈ రెండోది చూస్తే ముచ్చటేస్తుంది, వంటింట్లోంచి కూడా టీవీ తిప్పుకుని చూడొచ్చని ఆశ. నీళ్ల బకెట్టును ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ చేయి చాపి పట్టుకోవడానికీ ఎంత తేడా ఉంటుందో గోడకు ఈ రెండు బ్రాకెట్ల మధ్య అంత తేడా ఉంటుంది. లెక్క వేసి చూడండి. టీవీ 15 కిలోలు. గోడకు ఐదు సెంటీమీటర్ల దూరంలో ఉంది. బ్రాకెట్టు పై స్క్రూలకూ కింది అంచుకూ మధ్య 20 సెంటీమీటర్లు. అప్పుడు పై స్క్రూలను గోడలోంచి బయటికి లాగే బలం నాలుగు కిలోలు కూడా ఉండదు. అదే టీవీని 50 సెంటీమీటర్లు ముందుకు లాగితే ఆ బలం 37 కిలోలు దాటుతుంది. బరువు మారలేదు, దూరం మారింది. తిప్పినప్పుడల్లా, లాగినప్పుడల్లా ఆ స్క్రూలు కాస్త కాస్తగా కదులుతాయి కూడా. కాలిన ఇటుక గోడో కాంక్రీటు గోడో అయితే చేయి బ్రాకెట్టు పెట్టుకోండి. లైట్ వెయిట్ గోడకు వద్దనే నా సలహా.

ఏ బ్రాకెట్టు అయినా టీవీ వెనక ఉండే నాలుగు రంధ్రాలకు సరిపోవాలి. ఆ రంధ్రాల మధ్య దూరానికి ప్రపంచమంతటా దాదాపు ఒకే పద్ధతి, వెసా కొలతలు అంటారు. 100, 200, 400 మిల్లీమీటర్లు, ఇలా. టీవీ పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ రంధ్రాల్లోకి వెళ్లే స్క్రూ పొడుగు కూడా చూసుకోవాలి, పొడుగెక్కువైతే లోపలి భాగాలకు గుచ్చుకుంటుంది.

ఇక గోడ లోపల దాగి ఉండే వాటి సంగతి. మన ఇళ్లల్లో కరెంటు పైపులు గోడలోనే పోతాయి. స్విచ్‌బోర్డుకు నిటారుగా పైనా, నిటారుగా కిందా పైపు ఉంటుందనే అనుకోవాలి. ప్లగ్‌పాయింటుకు అడ్డంగా పక్కన కూడా ఉండొచ్చు. టీవీ కోసమని పెట్టిన ప్లగ్‌పాయింటు సరిగ్గా టీవీ వెనకే ఉంటుంది కాబట్టి ఈ ప్రమాదం టీవీ దగ్గరే ఎక్కువ. బోర్డుకు నేరుగా పైనగానీ కిందగానీ ఎప్పుడూ రంధ్రం వేయించొద్దు. గోడలో తీగలను పసిగట్టే చిన్న పరికరం ఉన్న ఎలక్ట్రీషియను దొరికితే మరీ మంచిది. బాత్రూమ్‌కు ఆనుకున్న గోడైతే నీళ్ల పైపు కూడా లెక్కలోకి తీసుకోవాలి. వానాకాలంలో చెమ్మ దిగే బయటి గోడకు టీవీ వద్దే వద్దు. రంగు పొలుసులుగా లేచిందంటే ఆ గోడ లోపల తడి ఉన్నట్టే.

తీగలు కనబడకుండా గోడలో గాడి కోయించుకునేవాళ్లకు ఒక మాట. పిల్లరులోనూ దూలంలోనూ కాంక్రీటు గోడలోనూ గాడి కోయనివ్వకండి, ఇల్లు వాటి మీదే నిలబడి ఉంది. అడ్డగోడలో అయినా నిలువుగా కోయాలి గానీ అడ్డంగా పొడుగునా కోయకూడదు. అందానికి కావాలంటే గోడ మీద అంటించే ప్లాస్టిక్ పట్టీ ఉంది, దానికి గోడ రంగే వేయించుకోండి.

ఎత్తు గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మన ఇళ్లల్లో టీవీలు మరీ ఎత్తున పెడుతున్నారు. పిల్లలకు అందకూడదని కొందరు, కింద బల్ల పట్టాలని కొందరు, ఎలక్ట్రీషియను ప్లగ్‌పాయింటు అక్కడ పెట్టాడని ఇంకొందరు. హోటల్లో టీవీ ఎత్తున ఉంటుంది, ఎందుకంటే అక్కడ నిలబడి, నడుస్తూ చూస్తారు. ఇంట్లో కూర్చుని చూస్తాం. సోఫాలో కూర్చున్న మనిషి కన్ను నేలనుంచి మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. తెర మధ్య భాగం అక్కడికి రావాలి. 43 అంగుళాల టీవీ తెర ఎత్తు 54 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, అంటే దాని కింది అంచు నేలకు రెండున్నర అడుగుల ఎత్తున ఉంటే సరిగ్గా సరిపోతుంది. ఇది విన్న చాలామందికి 'అంత కిందికా' అనిపిస్తుందని నాకు తెలుసు. చాప మీద కూర్చుని చూసే ఇంట్లో కన్ను ఇంకా కిందికి, రెండున్నర అడుగుల దగ్గరికి వస్తుంది. ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లున్నారనుకోండి, వాళ్లే టీవీ ఎక్కువసేపు చూస్తారు. మెడ నొప్పి అంటూ రోజంతా మందు రాసుకుంటూ సాయంత్రం సీరియళ్లు మెడ ఎత్తి చూస్తుంటారు. మంచం మీద పడుకుని చూసే గదిలో మాత్రం కొంత ఎత్తున పెట్టి, తెరను ముందుకు వంచే బ్రాకెట్టు పెట్టుకోవచ్చు.

రంధ్రం వేసే ముందే ఎత్తు తేల్చుకునే ఉపాయం ఒకటుంది. పాత దినపత్రికలు అతికించి సరిగ్గా టీవీ అంత కాగితం చేసి గోడకు అంటించండి. ఆ సాయంత్రం అందరూ ఎప్పుడూ కూర్చునే చోట్లలోనే కూర్చోండి. అమ్మమ్మ కుర్చీలోంచి, పిల్లలు నేలమీంచి, వంటింటి గుమ్మంలోంచి చూడండి. మధ్యాహ్నం కిటికీ వెలుతురు ఆ కాగితం మీద ఎక్కడ పడుతుందో కూడా చూడండి. ఎదురుగా కిటికీ ఉంటే పగలు టీవీలో మీ కిటికీయే కనబడుతుంది. ఎత్తు ఖాయం చేశాక ఇంకో కొలత ఉంది. టీవీ వెనక రంధ్రాలు సరిగ్గా తెర మధ్యలో ఉండవు, కిందికో పైకో ఉంటాయి. పై రంధ్రం నుంచి కింది అంచు దాకా టేపు పెట్టి కొలిచి, ఆ లెక్కనే గోడ మీద గుర్తు పెట్టాలి. మట్టానికి రసమట్టం వాడాలి. మేస్త్రీ దగ్గర ఉంటుంది, అడిగితే ఇస్తాడు. కంటి అంచనా నమ్మొద్దు. ఇంటి కప్పే కొంచెం వాలి ఉంటే కళ్లు దాన్ని చూసి మోసపోతాయి.

కొత్త ఇళ్లల్లో టీవీ వెనక చెక్క ప్యానెలు చేయించడం ఇప్పుడు రివాజు. వడ్రంగితో ముందే మాట్లాడండి. పైన కనిపించే పలచటి పట్టీలు, ప్లాస్టిక్ పలకలు అలంకారానికే. వాటికి స్క్రూ బిగించి టీవీ తగిలించకూడదు. టీవీ వచ్చే చోట వెనక ముప్పాతిక అంగుళం ప్లైవుడ్ పలక పెట్టి, ఆ పలకను గోడకు చాలా చోట్ల బిగించమనండి. లైట్ వెయిట్ గోడ ఉన్నవాళ్లకు ఇది మంచి దారి కూడా, ఎందుకంటే బరువు నాలుగు చోట్లకు బదులు పది పన్నెండు చోట్ల పడుతుంది.

అద్దె ఇళ్లవాళ్లకు గోడకు మేకు కూడా కొట్టొద్దనే షరతు మొదటి రోజే వినిపిస్తుంది. యజమానికి చెప్పి, ఖాళీ చేసేటప్పుడు రంధ్రాలు పూడ్పించి ఇస్తామని మాటిచ్చి అడగండి. కాదంటే బల్ల మీదే పెట్టుకోండి, నామోషీ ఏమీ లేదు. బల్ల మీద పెట్టిన పలచటి టీవీని మాత్రం పిల్లలు పట్టుకుని లాగితే ముందుకు పడుతుంది. టీవీ మీద పడి పసిపిల్లలు చనిపోవడం చాలా దేశాల్లో జరిగింది. అమెరికాలో ఇలాంటి వస్తువులను గోడకు కట్టి ఉంచమని అక్కడి ప్రభుత్వ సంస్థ 2015 నుంచి ప్రచారమే చేస్తోంది. టీవీ వెనక రంధ్రాలకు గట్టి పట్టీ కట్టి, దాన్ని బల్ల వెనక భాగానికి బిగించండి. ఆ బల్ల బరువైనదై ఉండాలి. మట్టి గోడల ఇళ్లు, రాయలసీమ మట్టి మిద్దెలు ఉన్నవాళ్లు కూడా గోడ జోలికి పోవద్దు. రెండడుగుల మందం ఉన్నా లోపలంతా రాయీ మన్నూ, ప్లగ్గుకు పట్టు దొరకదు. గూడు పెద్దదైతే అందులో, లేకుంటే బల్ల మీద పెట్టుకోవడమే మేలు.

గోడకు మరీ అతుక్కునే బ్రాకెట్టుతో ఒక చిక్కుంది. టీవీ కరెంటు ప్లగ్గు వెనక ఇరుక్కుపోతుంది, చేయి పట్టదు. మన దగ్గర వేసవి చివరి వానల్లో ఉరుములు మెరుపులు వచ్చేలా ఉన్నప్పుడు స్విచ్చు ఆపితే చాలదు, ప్లగ్గు ఊడబెరకాలి, డిష్షు తీగ కూడా తీసేయాలి. పిడుగు ఆ తీగ వెంట కూడా లోపలికి వస్తుంది. కాబట్టి టీవీ పక్కకో కిందికో చేయి అందే చోట ప్లగ్‌పాయింటు ఉండేలా చూసుకోండి.

టీవీని ఎత్తి తగిలించేటప్పుడు కనీసం ఇద్దరుండాలి. మంచం మీద మెత్తటి దుప్పటి పరిచి తెర కిందికి ఉండేలా పడుకోబెట్టి బ్రాకెట్టు బిగించాలి. ఎత్తేటప్పుడు అంచులే పట్టుకోవాలి, తెర మీద బొటనవేలు కూడా ఆనకూడదు. తెర పగిలితే గ్యారంటీ వర్తించదు, తెర మార్పించే ఖర్చు కొత్త టీవీకి దగ్గర్లోనే ఉంటుంది. తగిలించే ముందే తీగలన్నీ పెట్టేయండి. తగిలించాక బ్రాకెట్టు కింద రెండు చిన్న స్క్రూలు ఉంటాయి. టీవీ పైకి లేచి కొక్కెంలోంచి జారిపోకుండా ఆపేవి అవే. తొందర్లో వదిలేసేదీ అవే. చేతితో తడిమి చూడండి. ఒకసారి కింది అంచు పట్టుకుని మెల్లగా కదిపి చూడండి, గోడా బ్రాకెట్టూ ఒకటిగా ఉండాలి. ఏడాదికోసారి ఇల్లు దులిపేటప్పుడు కూడా ఇలాగే చూడండి. పై అంచు దగ్గర సందు కనిపిస్తే టీవీ దించేయండి.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు వింటుంటే వారికి ఒక మనవి. గోడలకు గిలాబు చేయకముందు, కరెంటు పైపులూ నీళ్ల పైపులూ వేసి ఉన్నప్పుడు, ప్రతి గోడనూ ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. పక్కన టేపు పెట్టి తీస్తే ఇంకా మంచిది. టీవీ వచ్చే గోడను అప్పుడే నిర్ణయించుకుని అక్కడ కాలిన ఇటుక కట్టించండి. టీవీ వెనకనుంచి కింది బల్ల దాకా రెండంగుళాల ఖాళీ పైపు ఒకటి వేయించండి. రేపు ఏ తీగ కావాల్సి వచ్చినా గోడ కోయాల్సిన పని ఉండదు.

ఎండలో బండి మీద ఇంటింటికీ తిరిగే ఆ ఫిట్టింగు కుర్రాడి గురించి కూడా చెప్పాలి. రోజులో ఎన్ని టీవీలు బిగిస్తే అంత కూలి దొరికే పని అతనిది. అతను తొందరపడితే అది అతని తప్పు కాదు. టీవీలు అమ్మే కంపెనీలవాళ్లకు నా విజ్ఞప్తి ఇది: ఫిట్టింగుకు మనిషిని పంపే ముందు గోడ ఏ రకమో ఫోన్లో అడగండి, ఆ గోడకు తగ్గ ప్లగ్గులు అతని సంచిలో పెట్టి పంపండి, అతనికి గంట సమయం ఇవ్వండి. ఇంటివాళ్లకు నా విజ్ఞప్తి: అతనికి మంచినీళ్లిచ్చి, ఫ్యాను వేసి, పొడి ఎర్రగా వచ్చేదాకా పక్కనే నిలబడండి. రాకపోతే ఆపించి, గోడ ఏ రకమో ముందు తేల్చుకోండి.